జల్లెడకు అర్జీ, గుంతకు గుండ్రం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో వాన నీళ్ళ పీపాకు ఒక చట్టం ఉంది. ప్రాపర్టీ కోడ్‌లో 202.007 సెక్షన్. 2003లో పుట్టింది, తర్వాత సవరణలూ చేయించుకుంది. పీపా పెట్టుకోవడాన్ని ఇంటి యజమానుల సంఘాలు అడ్డుకోరాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంతవరకూ చేతులెత్తి మొక్కాల్సిన చట్టమే. ఆ కిందనే మినహాయింపులు మొదలవుతాయి. పీపా రంగు ఇంటి రంగుకు పొసగకపోతే సంఘం వద్దనవచ్చు. ఇంటి ముందు భాగానికీ వీధికీ నడుమ పెడితే వద్దనవచ్చు. పీపా మీద కంపెనీ మామూలుగా వేసే అక్షరాలు కాక మరో మాట కనబడినా వద్దనవచ్చు. అంటే వాన పడవచ్చు, ఇంటాయన దాన్ని పట్టుకోనూవచ్చు, కాకపోతే వీధిన పోయేవాళ్ళకు ఆ సంగతి తెలియకూడదు.

పీపాకే ఇంత వైభోగం ఉంటే, దానికి నీళ్ళు తెచ్చిపోసే కాలువకు ఎంత ఉండాలి! అక్కడి వాలు కప్పుల ఇళ్ళకు చూరు వెంబడి రేకుతో చేసిన కాలువ ఉంటుంది. దాన్ని గటర్ అంటారు. ఓక్ చెట్ల ఆకులు రాలి అది పూడిపోకుండా పైన పరిచే జల్లెడ పేరు గటర్ గార్డ్. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ఊళ్ళలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకు ఈ జల్లెడను తలుపు తట్టి మరీ పరిచయం చేసే సేల్స్‌మన్లు దొరుకుతారు. ఇక జన్మలో నిచ్చెన ఎక్కే పని ఉండదని వాళ్ళ హామీ. నిజానికి జల్లెడ మీద కూడా ఆకులు నిలుస్తాయి, సన్న చెత్త కన్నాల గుండా లోపలికి దిగుతుంది, అప్పుడప్పుడూ ఎక్కి దులపక తప్పదు. ఆ ముక్క బ్రోచరులో భూతద్దంతో వెతికితే కనబడుతుంది.

నిచ్చెన సంగతి తర్వాత, ముందు ఫారం ఉంది. పాత కర్నూలు జిల్లా నందికొట్కూరు నుంచి వెళ్ళి అక్కడ ఇల్లు కొనుక్కున్న కుర్రాడొకణ్ణి ఊహించుకుందాం. ఇంటి బయటి రూపాన్ని మార్చే ఏ పనికైనా సంఘం వారి ఆర్కిటెక్చరల్ రివ్యూ కమిటీ ముందుగా ఒప్పుకోవాలని ఇల్లు కొన్న రోజు పెట్టిన సంతకాల్లో ఎక్కడో ఒక షరతు ఉంటుంది. కాబట్టి అతను జల్లెడ రంగు ముక్క, కంపెనీ ఇచ్చిన వివరాల కాగితం, ఇంటి ఫోటోలు, ఎక్కడ బిగిస్తారో గుర్తుపెట్టిన ప్లాను జతచేసి అర్జీ పెడతాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ ముచ్చటా వస్తుంది.

"ఏందిరా, నీ చూరుకు జాలీ ఏసుకునేదానికి ఎవుర్నో అడగాల్నా?"

"అడగాల నాయనా."

"ఎంత తింటారంట?"

"తినేది లేదు నాయనా. ఫీజు కట్టినా, రసీదు గూడా ఇచ్చినారు."

"అట్లయితే ఇంగ ఆ పని ఎప్పటికీ కాదులే."

నాయన అనుభవం నాయనది. అక్కడి అనుభవం ఇంకో దారిలో పోయి చివరికి శాసనసభ దాకా ఎక్కింది. 2021లో టెక్సస్ చేసిన సవరణ ప్రకారం, 40కి మించి స్థలాలున్న సంఘాల్లో బోర్డు సభ్యులుగానీ, వాళ్ళ భార్యాభర్తలుగానీ, అదే ఇంట్లో ఉంటున్నవాళ్ళుగానీ ఈ పరిశీలక కమిటీలో కూర్చోకూడదు. అర్జీని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. 30 రోజుల్లోగా విచారణ కోరే హక్కు ఇంటాయనకు ఉందనీ తెలియజేయాలి. ఇంత కట్టుదిట్టంగా చట్టం రాశారంటే, అంతకుముందు బోర్డు పెద్దగారి సతీమణి ఎదురింటి చూరు మీద తీర్పులు చెప్పిన సందర్భాలు కొన్నైనా ఉండి ఉంటాయని అనుమానించడంలో తప్పులేదు. పంచాయతీరాజ్ వ్యవస్థలో సర్పంచి భర్తల పాలన చూసిన తెలుగువాళ్ళకు ఇది మరీ వింతగా తోచకపోవచ్చు.

అమెరికా అంతా ఇంతేనంటే అన్యాయం. కొలరాడోలో 2016లో చట్టం మారేదాకా మామూలు ఇంటివాడు కప్పు నీళ్ళను పీపాలో పట్టడమే నేరం. కొండ మీద పడ్డ చుక్క కూడా కింద నదీజలాల హక్కుదారుదేనని అక్కడి వాదన. ఆ ఏడాది రెండు పీపాలకు, మొత్తం 110 గ్యాలన్లకు, అంటే 416 లీటర్లకు అనుమతి దయచేశారు. ఇటు కాలిఫోర్నియా మాత్రం 2008 నుంచి కార్చిచ్చు భయమున్న ప్రాంతాల్లో కట్టే కొత్త ఇళ్ళకు, గటర్లలో ఆకూ అలమూ పేరుకోకుండా ఏర్పాటు ఉండి తీరాలని నిర్మాణ నిబంధనల్లోనే రాసుకుంది. గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ ఎండాకుల్లో పడితే కప్పు అంటుకుంటుంది గనక. రంగు గొడవ పక్కనపెట్టి ఆకు గురించి అడిగిన రూలు ఇదొక్కటీ కనబడుతుంది. అదైనా నిప్పుకు భయపడి పెట్టిందే, నీటి మీద మమకారంతో కాదు.

ఇది చదివి నందికొట్కూరులో నవ్వుకునేవాళ్ళు కాస్త ఆగాలి.

ఇక్కడ డాబా మీది నీటి పైపు మూతికి జాలీ బిగించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సున్నం వేసుకోవడం, పెంకులు మార్చుకోవడం, గచ్చు బాగుచేసుకోవడం లాంటి చిల్లర పనులకు పర్మిట్ అవసరం లేదని జాతీయ భవన నిర్మాణ నియమావళే వదిలేసింది. జాలీ వాటికంటే చిన్నది. హార్డ్‌వేర్ దుకాణానికి పోయి తెచ్చుకుని, రెండు స్క్రూలు బిగిస్తే అయిపోయింది. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట పైపు మూతులన్నీ జాలీలతో మెరిసిపోతుండాలి. కానీ మేడెక్కి చూస్తే మూతి దగ్గర వేపాకు, పావురాల ఈకలు, గాలిపటం తోక, నిరుడు ఎండబెట్టిన మిరపకాయల తొడిమలు ఒక ముద్దగా కూర్చుని ఉంటాయి. కమిటీ లేని చోట జాలీ కూడా లేదు.

అనుమతి ఉన్నది ఇంకుడు గుంతకు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరి నోటా వాల్టా, 200 చదరపు మీటర్లకు తగ్గని స్థలాల్లో వాన నీటిని పట్టే నిర్మాణం ఉండాలంటుంది. యజమాని కట్టకపోతే అధికారులే కట్టించి, ఖర్చుతోపాటు జరిమానా కూడా వసూలు చేయవచ్చనీ అంటుంది. 2017 మార్చిలో 119వ నంబరు జీవోతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు కూడా వాన నీటిని వదిలిపెట్టలేదు. కాబట్టి మున్సిపాలిటీకి పోయే ప్రతి ప్లానులోనూ ఒక మూల చిన్న గుండ్రం ఉంటుంది. దాని పక్కన ఇంకుడు గుంత అని రాసి ఉంటుంది. గుండ్రం సాధారణంగా ఈశాన్యంలో పడుతుంది, నీళ్ళు అక్కడుండాలని వాస్తు గనక. ఇల్లు లేచాక అదే ఈశాన్యంలో బోరు వస్తుంది, సంపు వస్తుంది, మోటారు పెట్టె వస్తుంది, పైన తులసికోట వెలుస్తుంది. గుండ్రం మాత్రం ప్లానులోనే క్షేమంగా ఉండిపోతుంది. కాగితం కాబట్టి పూడిక తీయాల్సిన పని కూడా లేదు.

రెండు ఊళ్ళ మధ్య తేడా ఇంతే. అక్కడ ఉన్న వస్తువుకు అనుమతి దొరకదు, ఇక్కడ దొరికిన అనుమతికి వస్తువుండదు. రెండుచోట్లా ఫైలు నిండుగానే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూడవచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. పాత కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 67,000 లీటర్లు పడతాయి. ఎండకు ఆరింది, గచ్చు పీల్చింది పోగా ఐదింట నాలుగు వంతులు చేతికొస్తాయనుకున్నా 53,000 లీటర్ల పైమాటే. ఆ నీళ్ళు పైపు దిగి, వాకిలి దాటి, వీధి కాలువలో కలిసి, ఎదురింటి మెట్ల దగ్గర చెరువు కడతాయి. మార్చి వచ్చేసరికి ఆ ఇంటి ముందే ట్యాంకరు ఆగుతుంది. ట్యాంకరుకు మాత్రం ఏ ప్లానూ అక్కర్లేదు.

గుంత నిజంగా తవ్వినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను మరిచిపోకూడదు. 2000లో నీరు-మీరు అన్నారు, 2015లో నీరు-చెట్టు అన్నారు, 2021 మార్చి 22న కేంద్రం వారు వానను ఎక్కడ పడితే అక్కడే పట్టమన్నారు. ప్రతిసారీ గునపం పట్టుకున్న నాయకుడి ఫోటో వచ్చింది. కొన్ని గుంతలు ఆ ఫోటో కోసమే పుట్టాయి, కొన్ని మాత్రం నిజమైన గుంతలు. ఈ రెండో రకం గుంతలను చంపేది అవినీతి కాదు, వేపాకు. కంకర, ఇసుక పొరలు పొరలుగా పేర్చిన గుంతలోకి జాలీ లేని పైపు రెండు వానాకాలాల పాటు ఆకూ మట్టీ దించితే, మూడో ఏటికి అది నీళ్ళను ఇంకించడం మాని దోమలను పెంచుతుంది. అప్పుడు ఇంటాయన 'ఈ ఇంకుడు గుంతలన్నీ దండగ' అని తేల్చి దాని మీద బండ పరుస్తాడు. కేంద్ర భూగర్భ జల మండలి మార్గదర్శకాల్లో, ప్రతి పైపు మూతికీ తీగ జాలీ ఉండాలని ఒక చిన్న వాక్యం ఉంది. మొత్తం వ్యవహారంలో పనికొచ్చే వాక్యం అదే. ఇంటిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఖాళీ స్థలం ఎంత వదిలారో టేపు పెట్టి కొలుస్తారు, అంతస్తులు లెక్కపెడతారు, మేడెక్కి పైపు మూతిలో వేలు పెట్టి చూసినవాళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు.

పాతకాలం మిద్దెల్ని పొగడటం ఇక్కడ చాలా తేలిక. బేతంచెర్ల నాపబండలు, వాటి మీద మన్ను, గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన తూము, వెలుతురుకు గవాచి. వానలకు ముందు చవుడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచి, తూము మూతి శుభ్రం చేసుకోవడం ఏటా జరిగే పని. దానికి జీవో లేదు, ఎందుకంటే చేయకపోతే శిక్ష ఆ రాత్రే నెత్తిన పడేది. ముసురు పట్టిన రాత్రుల్లో కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని జాగారం చేసినవాళ్ళు ఆ మిద్దెల్ని అంతగా పొగడరు, అది వాళ్ళ హక్కు. అయితే సిమెంటు స్లాబు కారదు కాబట్టి పైపు మూతిని చూడక్కర్లేదన్న నమ్మకం మాత్రం స్లాబుతోనే వచ్చింది. స్లాబు కూడా కారుతుంది. ఐదేళ్ళు ఆలస్యంగా, బెడ్‌రూమ్ సీలింగులో, పెయింటు వేయించిన మర్నాడు.

చూరు నీళ్ళ గురించి నిఖార్సయిన చట్టం కావాలంటే 1882 దాకా పోవాలి. ఆ ఏడాది వచ్చిన భారత ఈజ్‌మెంట్ల చట్టం మొదటి నుంచే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది, అంటే కర్నూలు జిల్లాకు కూడా. ఒకడి చూరు నీళ్ళు పక్కవాడి స్థలంలో పడటం 20 ఏళ్ళు బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా సాగితే అది హక్కే అవుతుంది. అలాగని చూరును ఇంకాస్త ముందుకు జరిపి పక్కవాడి మీద అదనపు భారం వేయడానికి వీల్లేదని కూడా అందులో ఉదాహరణతో సహా చెప్పారు. దొరలు ఇంటి చూరు దాకా ఆలోచించిన ఆ ఏడాదే, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నష్టాల్లో ముంచిన కర్నూలు-కడప కాలువను ప్రభుత్వం కొనుక్కుంది. నందికొట్కూరు పొలాల గుండా పారే కె.సి. కెనాల్ అదే. కాలువకూ చూరుకూ ఒకే ఏడాది దిక్కు దొరికిందన్నమాట.

కాలువ మాట వచ్చింది కాబట్టి పోతిరెడ్డిపాడునూ తలుచుకోవాలి. నందికొట్కూరు నియోజకవర్గంలోనే, జూపాడు బంగ్లా మండలంలో ఉంది, కృష్ణ నీళ్ళను సీమకు వదిలే ఆ హెడ్ రెగ్యులేటర్. దాని సామర్థ్యాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచాలని 2005లో తలపెట్టినప్పటి నుంచి రెండు ప్రాంతాల మధ్య గొడవే. 2020 మే నెలలో 203వ నంబరు జీవో దాన్ని 80,000కు తీసుకుపోతానంది, రాయలసీమ ఎత్తిపోతల్నీ జతచేసింది. అదే ఏడాది అక్టోబరులో పర్యావరణ అనుమతి లేనిదే కదలొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఈ వివాదంలో సీమ పక్షం న్యాయమైనదే, అందులో వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. కృష్ణ నీళ్ళ కోసం టీకొట్టు దగ్గర టీఎంసీల లెక్కలు నోటికి అప్పజెప్పే పెద్దమనిషి, తన డాబా మీద 53,000 లీటర్లు ఏ అనుమతీ అడక్కుండా దిగి వీధిన పడి పోతుంటే, ఆ టీకొట్టులోనే కూర్చుని వాన తగ్గేదాకా చూస్తాడు. ఆ నీళ్ళకు ఎగువ రాష్ట్రం అడ్డం లేదు, ట్రిబ్యునల్ లేదు, బోర్డు లేదు. బహుశా అందుకే వాటికి గౌరవమూ లేదు.

ప్లానులో గుండ్రం గీసి నేల మీద గుంత తవ్వనివాళ్ళు భయపడాల్సిన అవసరమూ పెద్దగా కనబడదు. అనుమతి లేకుండా అంతస్తు లేపినవాళ్ళకూ, ప్లానును కాదని గోడ జరిపినవాళ్ళకూ 2007 చివర్లో భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. 2015లో మళ్ళీ వచ్చింది, 2019లో ఇంకోసారి. రుసుము కడితే వంకర గోడ నిటారయింది. పెద్ద కట్టడాలైతే పూర్తయ్యేదాకా పది శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలన్న రూలు కూడా ఉంది. తాకట్టు పెట్టడానికి గది కావాలి, ఫ్లాటు కావాలి, గుంతను ఎవరూ తాకట్టు పట్టరు. ఇక తవ్వని గుంతను తవ్వినట్టుగా క్రమబద్ధీకరించే పథకం ఒక్కటే మిగిలి ఉంది. ఎన్నికలు దగ్గరపడితే అదీ రావచ్చు. అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, గుండ్రం స్పష్టంగా కనబడే ప్లాను జతచేయాలి.