పుటప్

కృష్ణా డెల్టాకి ఇంగ్లీషు కొత్త చుట్టమేమీ కాదు. 1611లోనే ఈస్టిండియా కంపెనీ వాళ్లు బందరులో దిగి కోఠీ పెట్టారు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర అక్కడే ఇంగ్లీషు బడి తెరిచాడు. నోబుల్ కాలేజీ దాన్లోంచి వచ్చిందే. ఇంత పాత సావాసం ఉండి కూడా మనకి అబ్బింది ఎక్కువగా పుస్తకాల ఇంగ్లీషే. పరీక్ష వాయిదా పడిందంటే పోస్ట్‌పోన్ అంటాం, దీపం ఆర్పడానికి ఎక్స్‌టింగ్విష్ అని రాస్తాం. ఇంగ్లీషు వాళ్లు ఇంట్లో అలా మాట్లాడరు. పుట్, గెట్, టర్న్, లుక్ లాంటి చిన్న మాటల పక్కన ఆఫ్, ఔట్, అప్ చేర్చి పని కానిచ్చేస్తారు. ఫ్రేజల్ వెర్బ్స్ అంటే అవే. ఎమ్మే చదివిన వాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

అవనిగడ్డలో సాయంత్రం పూట నేను చెప్పే పాఠం ఇదే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది డీఎస్సీకి చదువుకోవడానికి ఊళ్లనుంచి వచ్చి గదుల్లో ఉంటున్న పిల్లలు. వాళ్ల మధ్య ఒక పెద్దావిడ ఉండేది. కోడూరు దగ్గర పల్లెటూరు. పిల్లలంతా అమ్మమ్మగారూ అని పిలిచేవాళ్లు. ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో. ఆరునెలలు వాడి దగ్గరుండి మార్చిలో తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లేలోపు ఇంగ్లీషు నేర్చుకోవాలని పట్టుదల.

"మనవడికి తెలుగు రాదు మాస్టారూ. నేను ముద్ద కలిపి పెడితే వాడేదో అంటాడు. వద్దంటున్నాడో, ఇంకా కావాలంటున్నాడో తెలియక చచ్చేదాన్ని" అంది చేరిన రోజున.

పదో తరగతి దాటని మనిషి. అయినా డిగ్రీ పిల్లలకంటే తొందరగా పట్టుకునేది. లుక్ అంటే చూడు, లుక్ ఆఫ్టర్ అంటే చూసుకో అని చెప్పగానే, "మనకీ అంతేగా! చూడమంటే కళ్లతో చూస్తే చాలు, చూసుకోమంటే అన్నం కూడా పెట్టాలి" అంది. ఆ తేడాని అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. మోటారు ఆపడానికి స్విచ్ ఆఫ్ ఇట్ అనకూడదు, ఇట్ మధ్యలోకి రావాలి, స్విచ్ ఇట్ ఆఫ్ అనాలి అంటే పిల్లలు మర్నాటికి మర్చిపోయేవాళ్లు. ఆవిడ మర్చిపోలేదు. ఆటోవాడికి కూడా పులిగడ్డలో డ్రాప్ మీ ఆఫ్ అని చెప్పిందట. వాడు పులిగడ్డలోనే దింపాడు కూడా.

బ్యాంకు వాళ్లిచ్చిన పాత డైరీ ఒకటి ఎప్పుడూ ఆవిడ చేతిలో ఉండేది. ముందు పేజీల్లో నా పాఠాలు. వెనకనుంచి మాత్రం కొడుకింట్లో చెవిన పడ్డ మాటలు, విన్నవి విన్నట్టు తెలుగులో రాసుకున్నవి. పాఠంలో ఏదైనా కొత్త మాట తగిలితే గబగబా వెనక పేజీలు తిప్పేది. అక్కడ అదే మాట కనబడితే పక్కన అర్థం రాసుకునేది. మనవడు అన్నం దగ్గర అన్న మాట కూడా అలాగే తేలింది. ఐ యామ్ ఫుల్. కడుపు నిండిందని. అది తెలిసిన రోజున పిల్లలందరికీ జీళ్లు పంచింది.

ఒకరోజు పుట్ గురించి పాఠం. నాకు చాలా ఇష్టమైన మాట అది. మనం చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం. వాళ్లకి అన్నిటికీ పుట్ ఆన్ ఒక్కటే. తుఫాను వస్తుందని కలెక్టరు పరీక్షలు వాయిదా వేస్తే పుట్ ఆఫ్. పొయ్యి ఆర్పితే పుట్ ఔట్. పుట్ అప్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"ఇది నాకు చిన్నప్పుడే తెలుసు మాస్టారూ. బస చెయ్యడం. 1977 ఉప్పెన తర్వాత సాయానికొచ్చిన వాళ్లు మా బళ్లోనే పుటప్ అయ్యారు."

నిజమే. మన ఆఫీసుల్లో ఇప్పటికీ ఎక్కడ పుటప్ అయ్యారండీ అనే అడుగుతారు.

"మా అబ్బాయీ అన్నాడు. నేనక్కడ ఉన్నప్పుడు స్నేహితుడితో ఫోన్లో. నా దగ్గర ఉండడం గురించే చెబుతున్నాడు" అంది. అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి.

నేను బోర్డు వైపు తిరిగి తర్వాతి మాట రాశాను. పుటప్ విత్. విత్ చేరితే బస పోయి పూర్తిగా వేరే అర్థం వస్తుందని చెప్పాను. ఇష్టం లేకపోయినా ఓర్చుకోవడం, గతిలేక భరించడం. టాలరేట్ అని మన పుస్తకాల్లో ఉండేది ఇదే. రోజూ మాట్లాడుకునే మాటల్లోంచి తలా ఒక వాక్యం చెప్పమన్నాను. ఒకడు దోమల్ని భరించాడు, ఒకమ్మాయి హాస్టల్ సాంబారుని, నాగాయలంక కుర్రాడు ఉప్పునీళ్లని. కొందరు విత్ వదిలేశారు, కొందరు అప్ వదిలేశారు. దిద్దుకుంటూ వచ్చాను.

ఆవిడ వంతు వచ్చింది. డైరీ వెనక పేజీలు తిప్పుతూ ఉంది. ఒకచోట ఆగి, కళ్లజోడు సర్దుకుని చదివింది.

"వియ్ హ్యావ్ టు పుటప్ విత్ హర్ టిల్ మార్చ్."

పిల్లలు చప్పట్లు కొట్టారు. హ్యావ్ టు సరిగ్గా పడింది, విత్ ఉంది, టిల్ ఉంది. ఆ రోజు మొత్తంలో నేను దిద్దక్కర్లేని వాక్యం అదొక్కటే.

"హర్ అంటే ఎవరు అమ్మమ్మగారూ, మీ అత్తగారా?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. అందరూ నవ్వారు.

"ఒక్క తప్పు కూడా లేదమ్మా" అన్నాను నేను.

ఆవిడ ఆ వాక్యం పక్కన అర్థం రాయడం పూర్తిచేసి, డైరీ మూసింది.

"తప్పెందుకుంటుంది మాస్టారూ? వాక్యం మా అబ్బాయిది. ఎకరం అమ్మి గుడివాడలో ఇంగ్లీషు మీడియం చదివించాను."