అద్దె గదులకేల? (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక

అమెరికా దేశమున, ఫ్లోరిడా రాష్ట్రమున, ఆర్లాండో నగర సమీపమున 1971లో వాల్ట్ డిస్నీ వరల్డ్ వెలసెను. ఇరువది యేండ్లకు, అనగా 1991లో, అచ్చటనే డిస్నీ వెకేషన్ క్లబ్ అను టైమ్‌షేర్ (పలువురు కొని వంతులవారీగ వాడుకొను విడిది) పథకము పుట్టెను. గ్రాంథికం ప్రస్తుతానికి చాలు. ప్రతిపదార్థంలో ఎలాగూ తప్పదు.

ఈ క్లబ్బువారు కొత్త కొనుగోలుదారులకు చెప్పే మాటలు ఏ గ్రంథంలోనూ పద్యరూపంలో లేవు. పార్కు దారుల్లో, హోటల్ లాబీల్లో, డిస్నీ ఓడల మీద కూడా బల్లలు వేసుకుని నవ్వుమొహాలతో చెప్పే ఆ మాటల సారాన్ని వ్యాఖ్యాత ఒక ఆటవెలదిలో ఇరికించాడు. ఛందోదోషాలుంటే వ్యాఖ్యాతవి, అర్థదోషాలుంటే క్లబ్బువి.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. ఈ శాస్త్రానికి అధికారి ఎవరు? పార్కులో మూడోరోజు నడిచి కాళ్లు పీకుతున్న తండ్రి, ఎలుక చెవుల టోపీ పెట్టుకున్న పిల్ల, హోటల్ బిల్లు తలుచుకుంటున్న తల్లి. విషయం: పాయింట్లు (ఏటా చేతికొచ్చి, గదులకు డబ్బులా చెల్లేవి). సంబంధం: ఏభై ఏళ్లు. ప్రయోజనం: కుటుంబానికి సెలవులు, అమ్మినవారికి కమీషన్.

మూలము

అద్దె గదులకేల? హాయిగా గొనవయ్య
యేబదేండ్ల వఱకు నిల్లు నీదె;
మిక్కి సాక్షి గాగ మిగిలిన పాయింట్లు
మఱుసటేట గలవు మంచివాడ!

ప్రతిపదార్థము

మంచివాడ = ఓ సత్పురుషుడా (క్రెడిట్ కార్డు గలవాడా అని ధ్వని); అద్దె గదులకు = రాత్రికింత అని చెల్లించెడి హోటల్ గదులకు; ఏల = ఎందుకు (డబ్బు తగలేయుట అని అధ్యాహారము); హాయిగా = శ్రమ లేకుండ, కావలసినచో వాయిదాల మీద; కొనవయ్య = కొనుము; ఏబదేండ్ల వఱకు = అర్ధశతాబ్ది పర్యంతము (ఎన్నటినుండి లెక్కయో విశేషమున చూడుము); ఇల్లు = రిసార్టు భవనమందలి ఒక భాగములో భాగము; నీదె = నీదియే (మఱియు అనేకులది); మిక్కి = మిక్కీ అను మూషికోత్తముడు; సాక్షి కాగా = చూచుచుండగా (సంతకము మాత్రము పెట్టడు); మిగిలిన పాయింట్లు = ఈ యేడు ఖర్చు కాని పాయింట్లు; మఱుసటి యేట = వచ్చు సంవత్సరమున; కలవు = ఉండును (ఆపై ఉండవు).

తాత్పర్యము

ఏటేటా హోటళ్లకు పోసే డబ్బు ఒక్కసారి మాకు పోస్తే, ఏభై ఏళ్ల సెలవులు ఈనాటి ధరకే చేతికొస్తాయి. ఒక ఏడు రాలేకపోయినా నష్టం లేదు, పాయింట్లు దాచుకోవచ్చు. పైగా మేం డిస్నీ వాళ్లం.

విశేషములు

1. అద్దె గదులకేల: ఇది పూర్వపక్ష ఖండన. బల్ల దగ్గర కూర్చున్న మనిషిని ఈ సంప్రదాయంలో అమ్మకందారు అనరు, గైడు అంటారు. కొన్నవాడు మెంబరు. టైమ్‌షేర్ అన్న మాట మర్యాద కాదు కనుక వెకేషన్ ఓనర్‌షిప్ అంటారు. గైడు మొదట అడిగే ప్రశ్న సాదాసీదాగా ఉంటుంది: ఈసారి హోటల్‌కు ఎంతయింది? మీరొక అంకె చెబుతారు. ఆ అంకె కాగితం మీదికెక్కుతుంది. ఏటా కొంత శాతం పెరుగుతుందంటారు, ఏభై ఏళ్లకు కూడతారు. కిందికొచ్చేసరికి ఆ మొత్తం చూసి భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పక్కనే క్లబ్బు ధర రాస్తే చిల్లరలా కనిపిస్తుంది. ఈలోగా పిల్లలు ఆటల మూలలో ఐస్‌క్రీం తింటుంటారు.

ఇక్కడ తార్కికులు ఒక దోషం చూపుతారు. ఆ లెక్కలో పోలిక ఎప్పుడూ డిస్నీ వారి ఖరీదైన రిసార్టుల పూర్తి ధరతోనే. కిసిమ్మీలో 192వ నంబరు హైవే పక్కనో, ఇంటర్నేషనల్ డ్రైవ్‌లోనో మామూలు హోటల్లో దిగి, పొద్దున్నే కారేసుకుని పార్కుకు వెళ్లే కుటుంబానికి ఆ లెక్క పట్టదు. వాళ్లకు ఆదా అయ్యేది వాళ్లెన్నడూ ఖర్చుపెట్టని డబ్బు.

2. హాయిగా: దీనికి రెండర్థాలు. కొన్నాక హాయి అని ఒకటి, కొనడమే హాయి అని రెండోది. రెండోది నిజం. పాయింటుకు 200 డాలర్ల చొప్పున వేసుకున్నా 150 పాయింట్లకు 30,000 డాలర్లు. క్లబ్బు నుంచి నేరుగా కొనబోతే చాలా రిసార్టుల్లో జాబితా ధర అంతకు మించే ఉంటుంది. అంత సొమ్ము చేతిలో లేకపోతే క్లబ్బే అప్పిస్తుంది. ఆ వడ్డీ మామూలు ఇంటి రుణం వడ్డీ కంటే ఎక్కువ. వడ్డీ కలిపితే గైడు కాగితం మీది ఆదా ఎటు పోయిందో వెతుక్కోవాలి.

3. ఏబదేండ్ల వఱకు: ఈ పదం దగ్గరే శిష్యులు తడబడతారు. ఏభై ఏళ్లూ కొనేవాడివి కావు, భవనానివి. క్లబ్బు మొదటి రిసార్టు ఓల్డ్ కీ వెస్ట్ 1991లో తెరిచారు. దాని ఒప్పందాలు 2042 జనవరి 31తో ముగుస్తాయి (కొందరు అదనంగా కట్టి 2057 దాకా పొడిగించుకున్నారు). 2019 డిసెంబరులో తెరిచిన రివియేరా రిసార్టుకు గడువు 2070. అదే రివియేరాలో పదేళ్లు ఆలస్యంగా కొన్నవాడికి పదేళ్లు తక్కువ. గడువు తీరాక ఇల్లూ నేలా రెండూ కంపెనీకే. నేల అసలు ఎప్పుడూ కంపెనీదే. మీకిచ్చింది లీజు హక్కు. పిల్లలకు ఆస్తిగా ఇవ్వొచ్చని గైడు చెప్పే మాట అబద్ధం కాదు. అయితే ఆస్తితో పాటు ఏటా మెయింటెనెన్స్ రుసుము కట్టే బాధ్యత కూడా వారసత్వంగా వెళ్తుంది.

4. ఇల్లు: రిసార్టులోకి అడుగుపెట్టగానే ఉద్యోగులు “ఇంటికి స్వాగతం” అని పలకరిస్తారు. వినగానే గుండె కరుగుతుంది. ఇంటి లక్షణాలు పరిశీలిద్దాం. సాయంత్రం నాలుగు గంటలకు ఇంట్లోకి రానిస్తారు. వెళ్లేనాడు పొద్దున పదకొండుకల్లా ఖాళీ చేయాలి. రోజూ గది సర్దరు. నాలుగో రోజున చెత్త తీసి, తువ్వాళ్లు మారుస్తారు. గిన్నెలు మీరే కడుక్కోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం అచ్చంగా ఇల్లే. ఒక పడకగది విల్లాలో పూర్తి వంటగదీ బట్టలుతికే యంత్రమూ ఉంటాయి. ఇండియా నుంచి అత్తమామలు వచ్చినప్పుడు అన్నం వండుకుని ఆవకాయ కలుపుకోవచ్చని మన ఎన్నారై గృహిణులకు ఇదే పెద్ద ఆకర్షణ. స్టూడియో గదికి పాయింట్లు తక్కువ పడతాయి గానీ, అందులో మైక్రోవేవే గతి.

ఇంటి దస్తావేజు కూడా నిజమైనదే. ఫ్లోరిడా రిసార్టుల్లో చాలావాటికి ఆరెంజ్ కౌంటీలో రిజిస్టరవుతుంది. అందులో ఒక యూనిట్ నంబరు, ఆ యూనిట్‌లో మీ వాటా శాతం దశాంశ బిందువు తర్వాత నాలుగంకెల దాకా ఉంటాయి. దస్తావేజులో ఉన్న ఆ యూనిట్‌లోనే దిగే హక్కు మాత్రం మీకు లేదు. దిగే గది ఆ రోజుకు ఏది దొరికితే అది.

5. నీదె: ఇందులోని ఏవకారానికి కాలపరిమితి ఉంది. మీరు కొన్న రిసార్టులో గది పదకొండు నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. క్లబ్బులోని ఇతర రిసార్టుల్లో ఏడు నెలల ముందే. క్రిస్మస్‌కు, స్కూలు సెలవులకు గది కావాలంటే సెలవు మంజూరు కాకముందే గది పట్టుకోవాలి. ఇక పార్కు టికెట్టు ఈ పద్యంలో ఎక్కడా లేదు. ఇంటి యజమాని అయినా గేటు దగ్గర టికెట్టు కొనాల్సిందే.

6. మిక్కి సాక్షి గాగ: పద్యానికి ప్రాణం ఈ పదబంధంలో ఉంది. ఇదే పాయింట్ల పథకాన్ని పేరు లేని కంపెనీ అమ్మితే జనం బల్ల దగ్గర ఆగరు. డిస్నీ అనగానే ఆగుతారు. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి: టైమ్‌షేర్లలో చాలావాటిని తిరిగి అమ్మబోతే కొనే నాథుడుండడు, వీటికి మారుబేరంలో ధర పలుకుతుంది. మాటతీరూ మెత్తన. అయితే కంపెనీ తన కాగితాల్లోనే స్పష్టంగా రాస్తుంది: దీన్ని పెట్టుబడిగా చూసి కొనవద్దని, విలువ పెరుగుతుందని ఆశించవద్దని. మెంబర్లకిచ్చే తగ్గింపులూ, రాత్రిపూట ప్రత్యేక వేడుకలూ, విశ్రాంతి గదులూ ఎప్పుడైనా మార్చవచ్చు, ఎత్తేయవచ్చు అని కూడా రాస్తుంది.

7. మిగిలిన పాయింట్లు మఱుసటేట గలవు: నిజం, ఒక్క ఏడాదికి. దాచుకోవాలంటే మీ పాయింట్ల సంవత్సరంలో మొదటి ఎనిమిది నెలల్లోపు దాచాలి. ఒకసారి దాచిన పాయింటును మళ్లీ దాచడం కుదరదు, వాడకపోతే పోతుంది. వచ్చే ఏటి పాయింట్లను ఈ ఏడు అప్పుగా తెచ్చుకునే వెసులుబాటూ ఉంది. అలా తెచ్చుకున్నవాడు వచ్చే ఏడు ఖాళీ చేతులతో మిగులుతాడు.

ఇక్కడే గైడు మరో వాదం వినిపిస్తాడు: డాలర్ల ధర పెరుగుతుంది, పాయింట్లు పెరగవు. ఇందులో నిజముంది. ఒక రిసార్టు గదులన్నిటికీ ఏడాది మొత్తం మీద పట్టే పాయింట్లు పెంచడానికి వీల్లేదు. ఒక కాలంలో పెంచితే మరో కాలంలో తగ్గించాలి. కాని మెయింటెనెన్స్ డాలర్లలోనే కట్టాలి, అది పెరుగుతుంది. ఆస్తి పన్ను, సిబ్బంది జీతాలు, కప్పు మరమ్మతుకూ సోఫాల మార్పిడికీ పక్కన పెట్టే నిధి, అన్నీ అందులోనే. మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. ఈ లెక్క వేయడం ఎంత కష్టమో కంపెనీకీ ఒకసారి తెలిసొచ్చింది: 2011లో హవాయిలోని ఔలానీ రిసార్టుకు తొలుత వేసిన రుసుము తక్కువని తేలి, అమ్మకాలు కొన్నాళ్లు ఆపి, లెక్క సరిచేసుకుంది.

అలంకారము

పద్యం పైకి స్వభావోక్తి, లోపల అతిశయోక్తి. రసం వాత్సల్యం; దానికి ఆలంబనం పక్కనున్న పిల్ల మొహం. బేరం ఎక్కడైనా సడలితే గైడు ఆ పిల్లను ఒక్క మాట పలకరిస్తాడు, రసం మళ్లీ పుంజుకుంటుంది.

శంకా సమాధానములు

శంక: పార్కుల్లోని బల్లల మీద ఈ క్లబ్బును డిస్నీ వారి పరమ రహస్యంగా చాటారు కదా. వేలమంది నడిచే దారిలో బల్ల వేసి చాటితే రహస్యమెలా అవుతుంది?

సమాధానం: మంత్రోపదేశం చెవిలోనే చేస్తారు, ఉపదేశం చేస్తామన్న బోర్డు మాత్రం వీధిలోనే ఉండాలి.

శంక: మరి నిజమైన రహస్యం ఏది?

సమాధానం: ప్రకటన అడుగున సన్నక్షరాల్లో ఉన్నది. ఈ ప్రచారం టైమ్‌షేర్ అమ్మకం కోసమేనని ప్రకటనలో చెప్పి తీరాలని ఫ్లోరిడా టైమ్‌షేర్ చట్టం, అంటే 721వ అధ్యాయం, నిర్బంధిస్తుంది. గైడు నోట రాని మాట ఆ చిన్న అక్షరాల్లో దొరుకుతుంది.

పాఠాంతరములు

“కొనవయ్య” అన్నచోట “మారుబేరానఁ గొనవయ్య” అని కొందరి పాఠం. ఛందస్సు చెడుతుంది గాని, డబ్బు మిగులుతుంది. పాత మెంబర్ల దగ్గర రీసేల్‌లో పాయింటు చవగ్గా దొరుకుతుంది. గైడు ఈ పాఠాన్ని తనంతట తాను ఉదాహరించడు. దీనికి క్లబ్బు రాసిన ప్రత్యాఖ్యానం కూడా ఉంది: 2019 జనవరి 19 నుంచి పాత రిసార్టుల పాయింట్లు రీసేల్‌లో కొన్నవారు రివియేరాలోనూ ఆ తర్వాత చేరే కొత్త రిసార్టుల్లోనూ వాటిని వాడలేరు, రివియేరా పాయింట్లు రీసేల్‌లో కొన్నవారు రివియేరాలో తప్ప ఇంకెక్కడా వాడలేరు. అదీగాక మీరు ఎవరితోనో బేరం కుదుర్చుకున్నాక, అదే ధరకు కంపెనీయే కొనేసుకునే హక్కు కంపెనీకుంది. అంటే అమ్మిన సరుకుకు రెండో బజారు పెరగకుండా కంపెనీ కట్టలు వేసుకుంది. కొత్తగా కొనేవాడు ఈ పాఠాన్ని తప్పక చదవాలి. ఇప్పుడు కొనేటప్పుడు కాకపోయినా, రేపు అమ్మేటప్పుడు తగిలే పాఠం ఇదే.

ఫలశ్రుతి

ఇంతదాకా మనం చదివినదాన్ని మూలం అనుకున్నాం. నిజానికి పద్యం, గైడు మాట, నమూనా విల్లా, ఇంటికి స్వాగతమన్న పలకరింపు, ఇవన్నీ వ్యాఖ్యానాలే. మూలం ఒప్పందం. వ్యాఖ్యానానికీ మూలానికీ తేడా వస్తే మూలమే చెల్లుతుందని ఏ సంప్రదాయమైనా అంగీకరిస్తుంది. ఆరెంజ్ కౌంటీ కోర్టూ అంతే. పైన చూపిన చిక్కుల్లో దాదాపు అన్నీ ఆ కాగితాల్లోనే ఉన్నాయి. ఎవరూ ఏదీ దాచలేదు. అయితే కొన్నవారిలో ఎక్కువమంది వ్యాఖ్యానం విని మూలానికి సంతకం చేస్తారు.

ఏటా ఆర్లాండో వెళ్లేవారు, ఖరీదైన రిసార్టులోనే దిగేవారు, సొమ్ము రొక్కంగా కట్టగలవారు, సెలవులు ఏడాది ముందే తేల్చుకోగలవారు ఇది కొంటే నష్టపోరు. తక్కినవారికి అద్దె గదులే మేలు.

ఎండకూ పిల్లల మారానికీ లొంగి సంతకం చేసేసినవారికి కూడా చట్టం ఒక దారి ఉంచింది. ఫ్లోరిడాలో టైమ్‌షేర్ ఒప్పందాన్ని, సంతకం చేసిన రోజు నుంచి గాని, ఇవ్వాల్సిన కాగితాలన్నీ చేతికందిన రోజు నుంచి గాని, ఏది ఆలస్యమైతే ఆ రోజు నుంచి పది రోజుల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ హక్కు వద్దని మీ చేత రాయించుకున్నా చెల్లదు. కాబట్టి కొన్న రోజు రాత్రే పిల్లలు పడుకున్నాక ఆ కాగితాలు ముందేసుకుని చదవండి; రద్దు చేయాలనుకుంటే, పదో రోజు దాటకుండా రాతపూర్వకంగా పంపండి.