బ్యాటరీ స్టిక్కరు: టీకా తాత్పర్యం

మూలం: సోలార్ ట్యూబులర్. 12 వోల్టులు, 150 ఏహెచ్, సి10. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

అవతారిక: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటుతూ ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ పడుకోబెట్టింది. చీకట్లో రోజులు లెక్కపెట్టుకున్న మా సోంపేట ఇంట్లో ఆ తర్వాత వెలసిన గ్రంథమిది. కర్త ఎవరో తెలియదు.

ప్రతిపదార్థం: ట్యూబులర్ = ధనపలక మీది సీసపు మసాలాను గొట్టాల్లో కూరినది; 12 వోల్టులు = రెండేసి వోల్టుల గదులు ఆరు; 150 ఏహెచ్, సి10 = పదిహేను ఆంపియర్ల చొప్పున పది గంటలు ఇవ్వగలది; మాత్రమే = మాత్రమే.

పాఠాంతరం: ఇన్వర్టరు బ్యాటరీల ప్రతుల్లో 'సి20' అని కనిపిస్తుంది. ఇరవై గంటలు నింపాదిగా లాగితే వచ్చే లెక్క అది. పది గంటల్లో లాగితే 150 రాదు. రెండూ ఒకటేనన్నాడు షాపతను. ఏ గురుకులంలో చదివాడో.

అధ్యాహారం: పన్నెండును నూటయాభైతో హెచ్చవేస్తే 1800 వాట్ అవర్లు. ఇది అతిశయోక్తి అలంకారం. 'సగమే వాడుకొనవలెను' అన్న వాక్యాన్ని పాఠకుడే తెచ్చుకోవాలి. ఆ 900తో ఒక ఫ్యాను, రెండు లైట్లు ఎనిమిది గంటలు నడుస్తాయి. రోజూ అడుగంటా లాగేసి నింపకుండా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఎండ కాసినా ఎక్కదు.

'మాత్రమే' విచారణ: గ్రంథానికి ప్రాణం ఈ మాటే. మూడో గది మూత తీసి ఉండటం చూసి మా మేనత్త, "మన నూతినీల్లు కొబ్బరినీల్లలాగుంతాయి, ఏటవుతాది నాయినా" అంటూ చెంబుడు పోసేసింది. ఎంత తియ్యటి నీళ్లలోనైనా లవణాలుంటాయి, ఇనుముంటుంది. రెండు నెలలకు హైడ్రోమీటరు పెట్టి చూస్తే అయిదు గదుల్లో 1.240, మూడో దాంట్లో 1.120, బుడ్డి అడుక్కి దిగిపోయింది. ఆరు గదులూ వరసగా కట్టిన ఎడ్లు. ఒకటి కూలబడితే బండి ఆగుతుంది. పొంగిన యాసిడ్ అత్త కొంగు మీద పడిన సంగతి చీర ఉతికాక, చిల్లులు చూశాక తెలిసింది.

స్థలనిర్ణయం: దేవుడి గూటి కింద పెడదామన్నారు. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజను వస్తుంది, పైన దీపం. వసారాలో పెట్టించాను. అక్కడ ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పూత పేరుకుంటుంది. తుడిచి వాజ్‌లైన్ రాయాలి.

నవీనమతం: లిథియం ఐరన్ ఫాస్ఫేట్. నీళ్లడగదు, ఎనభై శాతం దాకా ఇస్తుంది. ధర విన్నాక మేము సీసం సంప్రదాయంలోనే ఉండిపోయాం.

డిస్టిల్డ్ వాటర్ క్యాను ఇంటికి తెచ్చిన రోజు అత్త అడిగింది: "కొన్న నీల్లు దానికీ, నూతినీల్లు మనకా?"