అంతరంగమునకు రంగు

నూతనత్వము అనునది కర్మాగారమునందు పుట్టి, వాడుకలో క్షీణించి, కాలముచేత నశించునని మన పెద్దలు నమ్మిరి. కాని పాతకార్ల బేరగాండ్రును, వారికి కుడిభుజమైన కారు అలంకరణ దుకాణములవారును ఆ నమ్మకమును ఒక డబ్బాతో, ఒక బ్రష్షుతో, ఒక్క మధ్యాహ్నములో పటాపంచలు చేసి, పదియేండ్లు పత్తికొండ ఎర్రదుమ్ములో తిరిగిన బండి కడుపులోనికైనను యౌవనమును మరల ప్రవేశపెట్టగలమని చాటుచున్నారు. అరిగిన కార్పెటుకు నలుపు, ఎండకు వెలిసిన డోరు ప్యాడుకు బూడిదవన్నె, పగుళ్లిచ్చిన రెక్సినుకు పూత, డ్యాష్‌బోర్డుకు నూనె కారునట్టి పాలిష్. ఈ సంస్కారములు ముగిసిన పిదప బండి ‘షోరూము కండిషను’ అనబడును. దానిని ఇంతకాలము తోలినవాడు ఎవడైనను అది ‘డాక్టరుగారి బండి’ అగును. ఇన్ని కార్లు అమ్ముకొనదగినంతమంది డాక్టర్లు ఈ సీమలో ఎన్నడుండిరో వైద్యశాఖవారికైనను అంతుపట్టని విషయము.

రంగనగా ఏమో ఈ ప్రాంతమువారికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. పందొమ్మిదవ శతాబ్దమున కడప, కర్నూలు మండలములు నీలిమందు పైరుకు పేరుపడినవి. రైతులు ఆకును తొట్లలో నానవేసి, పులియబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన ముద్దను ఆరబెట్టి అమ్మెడివారు. నీలితొట్టిలో ముంచి తీసిన నూలు మొదట పచ్చగా నుండి, గాలి తగిలిన కొలదిని నీలమగును. రంగు పోగులోనికి దిగి అచ్చటనే కాపురముండును. 1897లో జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని బజారునకు పంపిన తరువాత మన తొట్లు క్రమముగా ఎండిపోయినవి గాని, పొరుగుననే ఆదవానిలో నూలు జంబుఖానాలు నేసినవారి ఎదుట నిలిచి, పరచిన జంబుఖానా మీద పైపైన చల్లినదానిని అద్దకమని పిలుచు సాహసము ఏ వర్తకునికిని కలిగియుండదు.

కారులోని కార్పెటు నూలు కాదు. అది సాధారణముగా పాలీప్రొపిలీనో, పాలియెస్టరో, నైలానో అయియుండును. వీనిలో పాలీప్రొపిలీను రంగును దరిచేరనీయదు కనుక, దానిని కరిగించి దారము తీయునప్పుడే రంగు కలిపెదరు. పాలియెస్టరు లొంగును గాని, మూసిన పాత్రలో ఒత్తిడితో సుమారు 130 డిగ్రీల వేడిమిని కోరును. నైలాను కొంత మెతక స్వభావము కలది. అయినను మరుగునీటికి సమీపమైన వేడిలో తప్ప అదియును ఆమ్లపు రంగులకు చక్కగా వశము కాదు. వేపచెట్టు క్రింద బండి నిలిపి, నాలుగు తలుపులును బార్లా తెరచి, ముక్కుకు తువ్వాలు కట్టుకొని, స్ప్రే డబ్బాను గలగలలాడించి చల్లు కుర్రవాడు ఆ వేడిమిని ఎచ్చటనుండి తెచ్చుచున్నాడు? పత్తికొండ వేసవి ఎంత ఘనమైనదైనను ఇంకను 130 డిగ్రీలకు చేరలేదు. అతడు చల్లునది జిగురుతో కలిపిన పొడిరంగు, అనగా గోడకు పూయు పెయింటునకు దగ్గరి చుట్టము. ఆరిన పిదప కార్పెటును అరచేతితో రాచి చూడుడు: మెత్తని నూగు పోయి గరుకుగా గ్రుచ్చుకొనును. డ్యాష్‌బోర్డు సంగతి మరియు విచిత్రము: ఏండ్ల తరబడి మెరుపునకై రుద్దిన సిలికాను పాలిషే క్రొత్త పూతను అంటనీయక, చేపకన్నులవలె గుంటలు గుంటలుగా విడిపోవునట్లు చేయును.

ఇక అరుగుదల మాట. డ్రైవరు కుడికాలి మడమ ఆనుచోట వంగి చూడుడు. చేనిదారిలోని ఎర్రమన్ను, సన్నని ఇసుక కార్పెటు కుదుళ్లలో చేరి, ఆక్సిలరేటరు త్రొక్కిన ప్రతిమారును పోగును కొంచెము కొంచెముగా కోసి, తుదకు అడుగునున్న అల్లికను బయటపెట్టినది. అచ్చట పోయినది రంగు కాదు, కార్పెటే. లేనిదానికి రంగు వేయుట ఎట్లని అడిగినచో, ఆ బట్టతలకు నలుపు పూసి, పైన మ్యాటు పరచి, మ్యాటు మీద కాగితము వేసి చూపుదురు. ఈ పనిని తలకు రంగు వేసికొనుటతో పోల్చి సమర్థించువారు కలరు. ఆ పోలిక తలకు అన్యాయము చేయును. తలకు రంగు వేసికొన్న పెద్దమనిషి ఆ తలను మరునాడు సింగిల్ ఓనరని చెప్పి అమ్మజూపుట లేదు గదా!

ఇట్టి బండియొకటి వైశాఖమాసమున పత్తికొండనుండి గుత్తికి పెండ్లికి బయలుదేరినది. వెనుక సీటునందు మల్లెపువ్వువంటి గ్లాస్గో పంచె కట్టిన పెద్దాయన. ఎండ, చెమట, క్రొత్తపూత: త్రివేణీసంగమము. కల్యాణమండపము ఎదుట ఆయన దిగగానే అల్లుడు వెనుకనుండి కేక వేసెను.

“ఏంది మామా, యాడ కూచుంటివి? పంచంతా మసి గదా!”

“కార్లోనే కూచుంటినప్పా, బొగ్గుల బస్తా మీద కాదు.”

బండి అమ్మినవానికి ఫోను చేయగా, “ఎండకు అంతే సామీ, ఇంగో రెండు దినాలుంటే పట్టుకుంటాది” అని వైద్యుని వలె ధైర్యము చెప్పెను. అది పట్టుకొనినది నిజమే; పంచెను పట్టుకొని మరల విడువలేదు.

తన బండికి తన సంతోషము కొరకు రంగు వేసికొనువానితో నాకు తగవు లేదు. మంచి తోలుసీటును శుభ్రపరచి, పగులు నింపి, రంగు వేసి, పైపూత పూయగల పనివారు లేకపోలేదు; వారికి నమస్కారము. నా కోపమంతయు రంగును సాక్ష్యము చెరుపుటకు వాడువారి మీద. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలసి కర్నూలును ముంచెను; 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేటి వలన విజయవాడ మునిగెను. నీటిలో నానిన బండ్లలో తుక్కునకు పోనివి ఎచ్చటికి పోవును? కార్పెటు మీది నీటిచారను నలుపు మ్రింగును. కాని సీటు బోల్టుల త్రుప్పును, బెల్టును కడకంట లాగినప్పుడు మడతలలో కనబడు ఒండును, కార్పెటు క్రింది దూది వాసనను ఏ డబ్బాయును మ్రింగజాలదు. కన్ను పోవునంత దూరమే ఆ రంగు పోవును.

దత్తమండలముల పొలములను కొలిపించి తరములు కట్టించిన తామస్ మన్రో 1827 జులై 6న ఈ పత్తికొండలోనే కలరాతో మరణించెను. ఆయన పేర మెట్లబావి త్రవ్వించి చింతతోపు వేయించిరి. ఎర్రచెల్కకు సిరా పోసి ఇది నల్లరేగడి సుమా అని ఏ రైతైనను వచ్చియుండినచో, ఆ దొర గడ్డపారతో ఒక్క మూరెడు త్రవ్వించి చూచియుండును. మనవారికిని ఆ చూపు లేకపోలేదు: తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో కోటి గులకరాళ్ల నడుమ ఒక్క వజ్రపుతునకకై కండ్లు చిట్లించి వెదకువారు ఈ మండలమువారే. అట్టివారు కారు తలుపు తీయగానే ఎందుకో నల్లని మెరుపు చూచి బయానా ఇచ్చుచున్నారు.

బండి వెలుపలి రంగు ఆర్.సి.లో నమోదగును, మార్చినచో రవాణాశాఖవారికి తెలుపుకొనవలెను. లోపలి రంగు గురించి అడుగు నాథుడు లేడు. కనుక యాజమాన్య బదిలీకి ఇచ్చు ఫారం 30కి ఒక అనుబంధము చేర్చవలసినదిగా ప్రార్థించుచున్నాను. అమ్మువాడు ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నము, మార్కెట్ యార్డు ఎదుట టమోటా రైతుల సమక్షమున ఎండలో నిలిపిన తన బండిలో, ఉతికిన తెల్లపంచె కట్టి గంటసేపు కూర్చుండవలెను. అద్దములు దించుకొనవచ్చును, ప్రాణము తీయుట మన ఉద్దేశము కాదు. పిమ్మట ఆ పంచెను నాలుగు మడతలు పెట్టి దరఖాస్తునకు జతపరుపవలెను. పంచె మాత్రము అమ్మువానిదే కావలెను. కొనువారి పంచెలు ఇప్పటికే చాలినన్ని చెడినవి.