త్రేన్చని వరుడు కావలెను

న్యూజిలాండ్ సర్కారు 2025 అక్టోబరులో చేసిన ప్రకటన చూసే ఉంటారు. పశువుల మీథేన్ మీద పన్ను లేదు, ఇక రాదు. 2050 నాటికి 24 నుంచి 47 శాతం తగ్గిస్తామన్న పాత మాట కాస్తా 14 నుంచి 24 శాతానికి జారింది. మరి ఆ తగ్గించేదైనా ఎవరు? సైన్సట. ఆ జాబితాలో టీకాలూ మందులూ ఉన్నాయనుకోండి, నా కన్ను మాత్రం తక్కువ మీథేన్ వదిలే పొట్టేలు మీద పడింది.

ఆ గుణం పిల్లలకూ రావాలి, కాబట్టి సంబంధాలు చూడాలి. ఇదివరకు పొట్టేలుకు ఒళ్ళూ ఉన్నీ చూసేవారు. ఇప్పుడు కాళ్ళు కడుక్కుని కూర్చోగానే మొదటి ప్రశ్న, "అబ్బాయికి త్రేన్పులెలా ఉంటాయండీ?" (లోకం వెనకవైపే అనుమానిస్తుంది గానీ, గొర్రె మీథేన్ దాదాపు అంతా నోటి నుంచే వస్తుంది. ఆ మాత్రం గౌరవం ఇద్దాం.)

పెళ్ళిచూపులు పెట్టెలో. ట్రైలరెక్కి పెట్టెలే వరుడి గుమ్మంలోకి వస్తాయి. మూత బిగించి, కాసేపు నిలబెట్టి, వదిలిన గాలి కొలుస్తారు. ఆ అంకెతోనే జాతకం వేస్తారు. ఇక పేరయ్యగారు అందుకుంటారు: "కుర్రాడు బుద్ధిమంతుడు. పొట్ట చిన్నది, ఉన్ని పుష్కలం. తాతగారు పెట్టెలో ఉన్నంతసేపూ మునిలా ఉన్నారు. కట్నం వద్దు, కార్బన్ క్రెడిట్లు మీ ఇష్టం. మేనరికాలు మాత్రం పడవు. ఏకపత్నీవ్రతం అడక్కండి, సీజనుకి వందమందిని చేసుకోవాలి, పర్యావరణం కోసం."

అమ్మాయి తరఫువాళ్ళు నసుగుతారు. "మావాళ్ళది కాస్త త్రేన్చే వంశం." "పర్లేదు, తండ్రి పోలిక వస్తుంది లెండి." రాలేదనుకోండి, మనవడు బారసాల నాడే బ్రేవ్‌మన్నాడని వియ్యంకులు వెల్లింగ్టన్ దాకా పంచాయితీకి వెళతారు.

ఇంతా చేసి, మూడు తరాలు ఏరి కూర్చాక, ఎక్కువ త్రేన్చే వంశానికీ తక్కువ త్రేన్చే వంశానికీ తిన్న ప్రతి కిలో మేత మీద తేలిన తేడా సుమారు 13 శాతం. తక్కువేం కాదు. పదిహేనేళ్ళకు పైగా ఓపిగ్గా చేసిన పని, దండం పెట్టాల్సిందే.

కానీ ఈ వరుణ్ణి ఎవరు చేసుకుంటారు? తక్కువ త్రేన్చినందుకు మాంసం అంగడిలో ఎవరూ ఒక్క డాలరు ఎక్కువివ్వరు. త్రేన్పుకు ఖరీదు కడితేనే రైతు ఆ పొట్టేలు కోసం వెతుక్కుంటాడు. ఆ ఖరీదే పన్ను. దాన్ని చేతులారా తీసిపారేసి, పొట్టేలును చూపించి మేం సైన్సును నమ్ముకున్నామంటారా? సైంటిస్టుల కష్టాన్ని ఇంతకన్నా అవమానించడం కుదరదు. దేశం వదిలే ఉద్గారాల్లో దాదాపు సగం వ్యవసాయానివే. వాళ్ళ సొంత వాతావరణ కమిషనే లక్ష్యాన్ని 35 నుంచి 47 శాతానికి పెంచమంది. పెంచమంటే కోశారు. "అదనపు వేడి" లేకుండా చూస్తే చాలట! అంటే ఇప్పటిదాకా ఎక్కించిన వేడి అలాగే ఉంచుతాం, దింపమని మాత్రం అడక్కండి అని. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్ళు. తగ్గిస్తే ఫలితం మన కళ్ళముందే కనిపించే వాయువు అది. సముద్రం గడప దాకా వచ్చిన తువాలు, కిరిబాటి ఆ దేశానికి పరాయివి కావు, అదే పసిఫిక్‌లో ఇరుగుపొరుగు. వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని ఈ లెక్క చెబుతారు?

2003లో పన్నన్నారు. ఓ ఎంపీ ట్రాక్టరుతో పార్లమెంటు మెట్లెక్కాడు, వదిలేశారు. 2022లో మళ్ళీ అన్నారు, 2024లో వదిలేశారు. ఇప్పుడు ఇక అననే అనమంటున్నారు. వాతావరణ విధానమని వాళ్ళు పిలుచుకోనీయండి, నేనైతే పరారీ అంటాను.