మత్తుమందు మామయ్య

కుక్కకు మత్తుమందిత్తురని వినినంతనే తామే సొమ్మసిల్లు మహానుభావులు వాడకొకరు తప్పక యుందురు. అఫ్జల్‌గంజ్‌లో, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము వెనుక సందున నివసించు మా మేనమామ ఆ కోవకెల్ల శిరోభూషణము. ఆయన ప్రాణమెల్ల బుజ్జి యను పగ్ శునకము మీదనే. చప్పిడి ముక్కు, పొట్టి మెడ, విశాలోదరము గల యా బుజ్జికి పండ్లపై పాచి గట్టి నోరు దుర్గంధభూయిష్టము కాగా, పూర్తిగా మత్తిచ్చి శుభ్రపరుపవలెనని పశువైద్యుడు సెలవిచ్చిన నాటినుండి మా యింట శాంతి యన్నది లేదు.

భయపడువాడు ఊరక భయపడిన బాధ లేదు. మామయ్య ప్రమాణపూర్వకముగ భయపడును. ఏ వైద్యుని కడకేగినను, కుర్చీ చూపకముందే 1889 సంవత్సరమునకు బయలుదేరును.

“డాక్టర్ సాబ్, మా అఫ్జల్‌గంజ్ దవాఖానా లారీ దొర, నిజాం సర్కారు వెయ్యి పౌండ్లిచ్చి పిలిపించిన బ్రంటన్ దొర కలిసి నాలుగు వందలకు పైగా జంతువులకు క్లోరోఫారం ఇచ్చి చూసిన్రు. ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదని తేల్చిన్రు. మరి మీరు ఏది చూస్తరు?”

వైద్యుడు శ్వాస యన్నచో, 1911లో లెవీ యను పరిశోధకుడు పిల్లులపై పరీక్షించి, అరకొర మత్తులో క్లోరోఫారము గుండెనే హఠాత్తుగ నిలిపివేయగలదని నిరూపించిన ముచ్చట తీయును; గుండె యన్నచో లారీ దొర పక్షము వహించును. పేటాభిమాన మొక వంకకు, ప్రాణభీతి వేరొక వంకకు ఈడ్చుచున్నను, వాదమున ఆయన ఓడిన జాడ లేదు.

ఈ వైద్యుడు సహనమూర్తి. క్లోరోఫారము ఎన్నడో మూలబడినదనియు, నేడు ఐసోఫ్లూరేన్ ఇచ్చి, శ్వాసనాళమున గొట్టముంచి, నాలుకకు ఆక్సిజన్ కొలుచు క్లిప్పు తగిలించి, ఊపిరియు గుండెయు రెండును చూతురనియు, చప్పిడి ముక్కు కుక్కలకు మేల్కొను వేళ గొంతు మూసికొనుట పెద్ద గండము గనుక గొట్టమును తొందరపడి తీయరనియు వివరించెను. 2008లో వెలువడిన బ్రిటన్ పరిశీలనలో, మత్తు పొందిన సుమారు 98 వేల కుక్కలలో ఆరు వందలకొకటి చొప్పున మరణించెననియు, ఆరోగ్యవంతములలో నది రెండు వేలకు ఒకటి మాత్రమేననియు ఊరడింపబోగా, మామయ్య కన్నులు చెమ్మగిలినవి.

“ఆ ఒక్కటి మా బుజ్జే, సాబ్.”

ఇంతటి శాస్త్రజ్ఞుడు చేసిన ఘనకార్యము వినుడు. మత్తులో వాంతియైన ఊపిరితిత్తులలోనికి దిగునని, ముందటి రాత్రినుండి తిండి పెట్టరాదని ఆజ్ఞ. ఉదయము ఆటో కోఠి దాటు వేళ, మామయ్య లాల్చీ జేబునుండి సగము ఉస్మానియా బిస్కట్టు వెలికి వచ్చి, రెప్పపాటులో బుజ్జి నోట అంతర్ధానమయ్యెను. మూతిపై పొడిని ఆయనయే మెల్లగ తుడిచెను. నేను గ్రుడ్లురుమగా, “సగమే గద అల్లుడూ, పిల్ల ఆకలికి ఏడుస్తున్నది” అనెను. బరువెంతయని యడిగిన ఎనిమిది కిలోలనెను, త్రాసు పదకొండనెను. మందు మోతాదు బరువును బట్టియే గదా! బిస్కట్టు వృత్తాంతమును నా నోట విని వైద్యుడు పని వాయిదా వేసెను. మామయ్య నాతో మాటలాడుట మానెను.

తుదకు పండ్ల పని జరిగినది. ఆ బ్రిటన్ పరిశీలనలో చనిపోయిన కుక్కలలో సగమునకు దగ్గరగా పని ముగిసిన పిదపనే, అందును పెక్కు తొలి మూడు గంటలలోనే పోయినవని వైద్యుడు చెప్పినపుడు విననట్లే యుండిన మామయ్య, ఆ దినమున గచ్చుపై చతికిలబడి, బుజ్జి పెదవి యెత్తి చిగుళ్ల గులాబి రంగు చూచుచు, ప్రక్కటెముకల కదలికను వ్రేళ్లపై లెక్కించుచు, మంచినీరైన ముట్టక కూర్చుండెను. అంతకన్న జాగరూకుడగు పరిచారకుని నేనెచటను చూడలేదు.

మీ యింట నిట్టి పెద్ద యున్నచో, మత్తు దిగు వేళ ఆయననే కాపుంచుడు. మత్తుకు ముందు మాత్రము జేబులు తడిమి చూడుడు.