చక్రం తిప్పినవాళ్లు

సికింద్రాబాద్‌లో పాత జీపు ఉన్నవాడికి పిల్లనిస్తారేమో గానీ అప్పు మాత్రం ఇవ్వరు. ఇచ్చిన డబ్బు ఎటు పోతుందో రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణాల వాళ్లందరికీ తెలుసు.

నాది విల్లీస్. రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికావాళ్లు 1941 నుంచి 1945 దాకా లక్షల్లో చేసి ప్రపంచం మీదికి వదిలిన రకం. కంటోన్మెంటు ఊరు కాబట్టి ఇలాంటి ముసలి జీపులు తిరుమలగిరి, బొల్లారం వైపు ఇంకా ఎక్కడో ఓ చోట దగ్గుతూ కనిపిస్తాయి. మా దానికి ఒళ్లంతా బాగానే ఉంది, స్టీరింగు తప్ప. పైన నల్లటి తొడుగు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయి లోపలి ఇనప ఊచ బయటపడింది. ఎంసీల్ పెట్టాం, సైకిల్ ట్యూబు చుట్టాం. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి స్టీరింగు పట్టుకుంటే చేతిలో ఆయుష్షు రేఖ అటూ ఇటూ అయిపోయేది.

"మహీంద్రాది ఏస్తా సార్, రెండు గంటల పని," అన్నాడు ఉస్తాద్. మాటలో తప్పేం లేదు. మహీంద్రావాళ్లు 1947లో బండ్ల వ్యాపారం మొదలెట్టిందే ఈ విల్లీస్ జీపులు బిగించి. కానీ నాకు ఒరిజినల్ కావాలి. జీపున్నవాడు ఒరిజినల్ అన్నాక ఇంట్లోవాళ్లు వాదించరు, బీరువా తాళం మాత్రం చోటు మారుస్తారు.

అమెరికాలో ఒక దుకాణంలో దొరికింది. మన డబ్బుల్లో పది వేలు. కొరియర్‌లో తెప్పించుకుంటే ఎంతవుతుందో చూద్దామని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

కస్టమ్స్ లెక్కలో పది వేలంటే పది వేలు కాదని మొదటి గీతలోనే తెలిసిపోతుంది. ధరకి రవాణా ఖర్చు కలపాలి, బీమా కలపాలి. విమానంలో వచ్చే సరుకైతే రవాణాకి మీరెంత కట్టినా ధరలో ఇరవై శాతానికి మించి కలపరు. అది వాళ్ల దయ. బీమా ఎంతో తెలియకపోతే 1.125 శాతం వేసుకుంటారు. పాయింటు పక్కన ఆ మూడంకెలు చూసి నాకు ముచ్చటేసింది. ఒకటి మరీ తక్కువ, ఒకటింబావు మరీ ఎక్కువ అని ఎవరో మహానుభావుడు నిద్ర మానుకుని సరిగ్గా మధ్యలో తేల్చి ఉంటాడు. ఈ కలుపుళ్లన్నీ అయ్యేసరికి పది వేల చక్రం 12,112 రూపాయల యాభై పైసలైంది. సుంకం ఇంకా మొదలవలేదు.

కారు విడిభాగాల పద్దు 8708. దాని మీద మూల సుంకం 15 శాతం. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, 2018 బడ్జెట్‌లో వచ్చింది. అంటే నా స్టీరింగు సంఘానికి 181 రూపాయల సంక్షేమం చేస్తుంది, ఆనందమే. తర్వాత వచ్చేది ఐజీఎస్టీ, అప్పట్లో 28 శాతం. అదైనా వస్తువు మీదే పడుతుందా అంటే కాదు. వస్తువు, దాని మీది సుంకం, ఆ సుంకం మీది సర్‌చార్జి, మూడూ కలిపిన మొత్తం మీద పడుతుంది. పన్ను కట్టినందుకు కూడా పన్నే. నూటికి 49 రూపాయల 12 పైసలు తేలింది, నా వాటా దగ్గర దగ్గర 5,950. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 28ని 18 చేశారు గనక ఇప్పుడైతే నూటికి 37 రూపాయల 47 పైసలతో బయటపడతారు. నా కంటే వెనక పగిలిన స్టీరింగులవాళ్లు అదృష్టవంతులు.

ఇదైనా పద్దు 8708 అయితేనే. సొంత వాడకానికి తెప్పించుకున్న సరుకంటూ 9804 కింద రాశారో, కొన్నేళ్లపాటు అది నూటికి 77 రూపాయల 28 పైసలు ఉండేది. తర్వాతి బడ్జెట్లు తగ్గించాయి లెండి. సొంతానికి కాకపోతే స్టీరింగు మరెవరికని నా ప్రశ్న.

నిజాం రాజ్యంలో ఈ పని చూసే శాఖను కరోడ్‌గిరీ అనేవారు. 1802లో కుంపిణీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం నూటికి అయిదు రూపాయలు. ఆ రోజుల్లో పుట్టి ఉంటే ఎంత ఆదా అయ్యేదో అనుకున్నాను గానీ, అప్పుడు జీపు లేదు.

పెద్దవాళ్ల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మొత్తం బండిగా తెస్తే భారీ సుంకం, విప్పదీసి కిట్‌గా తెస్తే అందులో సగం కంటే తక్కువ, విడిభాగాలుగా తెస్తే ఇంకా తక్కువ. 2024 సెప్టెంబరులో కస్టమ్స్‌వాళ్లు స్కోడా ఫోక్స్‌వ్యాగన్ ఇండియాకి 140 కోట్ల డాలర్ల నోటీసిచ్చారు. దాదాపు మొత్తం కార్లను ముక్కలు చేసి వేర్వేరు పార్సిళ్లలో విడిభాగాలంటూ తెచ్చారని ఆరోపణ. కాదంటూ కంపెనీ బాంబే హైకోర్టుకెళ్లింది. తగవు ఎవరిదైతేనేం, ఆ రోజు పేపరు చదివినప్పట్నుంచీ నా జీపు మీద గౌరవం పెరిగింది. ఏ ముక్కకి ఆ ముక్క విడిపోవడంలో దానికి ఎనభై ఏళ్ల అనుభవం.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని డాలస్‌లో ఉన్న వదినకి ఫోన్ చేశాను. సంక్రాంతికి వస్తున్నారు. అప్పటి బ్యాగేజీ నిబంధనల్లో 50,000 రూపాయల సరుకు దాకా సుంకం లేదు, దాటిన దాని మీదే 38.5 శాతం. పది వేల చక్రం నిక్షేపంగా వచ్చేస్తుంది.

"తెస్తాలే మరిదీ, అదెంత పని!" అంది. వదిన కస్టమ్స్ ఎలా ఉంటుందో వచ్చాక తెలిసింది. మూల సుంకం కింద జనరల్ బజార్‌లో ఆవిడ చీరలన్నిటికీ మ్యాచింగ్ జాకెట్ ముక్కలు. సర్‌చార్జి కింద టైలరు చుట్టూ తిరుగుడు. ఈ రెండూ కలిపిన దాని మీద వాళ్ల పుట్టింటికి ఖమ్మం దాకా డ్రైవింగు, అదీ ఆ జీపులోనే.

చక్రం సూట్‌కేసులో పట్టలేదు. అట్టపెట్టె చంకలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగింది. ఎక్స్‌రే దగ్గర ఆఫీసరు తెర మీద ఆ గుండ్రం చూసి, ఆవిడ వంక చూసి, "ఏంటమ్మా ఇది?" అన్నాడట.

"స్టీరింగు."

"బండేదీ?"

"మా మరిది దగ్గరుంది. దానికి ఇదొక్కటే తక్కువ."

ఆయన చాలాసేపు ఆలోచించి, పెట్టె మూసి, మరిదిగారిని నెమ్మదిగా నడపమని చెప్పి పంపాడట. ఇంతకంటే మర్యాదస్తుడైన ప్రభుత్వోద్యోగి గురించి నేను వినలేదు.

షెడ్డులో ఉస్తాద్ పెట్టె విప్పాడు. చక్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, గోటితో గీరాడు, వెనక్కి తిప్పాడు. నడిమధ్య, షాఫ్టు గాడి పక్కన, చిన్న ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. బనీనుతో గ్రీజు తుడిచి నాకు చూపించాడు. మేడ్ ఇన్ ఇండియా.

"కశ్మీరీ గేట్ మాల్ సార్ ఇది," అన్నాడు. "అమెరికా చూసొచ్చింది, మనమే చూడలే."

పాత జీపుల విడిభాగాలు మన దేశం నుంచి ఎగుమతవుతాయని ఉస్తాద్‌కి ముందే తెలుసట. అడగలేదు కదా అన్నాడు. బిగించడానికి రెండు గంటలు పట్టింది.

2025 ఆగస్టులో కథ అడ్డం తిరిగింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు అమెరికా ఎత్తేసింది. మన తపాలా శాఖ కొన్నాళ్లు అటు పార్సిళ్లే తీసుకోవడం మానేసింది. ఇక్కణ్నుంచి కొరియర్‌లో వెళ్లిన ఆవకాయ, పూతరేకులు, ఆ జాకెట్లలో ఆఖరి విడత, అన్నిటికీ కలిపి వదినకి బిల్లు వచ్చింది. అర్ధరాత్రి ఫోన్.

"ఏమయ్యా, ఆవకాయది ఏ పద్దు? ఇక్కడేదో నంబరు అడుగుతున్నారు. జాకెట్లకి వేరే రేటట. కుట్టుకూలి కూడా విలువలో కలుపుతారా?"

"కలుపుతారు వదినా. నీ దగ్గర నేర్చుకున్నట్టున్నారు."

"వేళాకోళం ఆపు. వచ్చే నెల మీ అన్నయ్య స్నేహితుడొకాయన అక్కణ్నుంచి బయల్దేరుతున్నాడు. నాలుగు కిలోలు ఆయన సూట్‌కేసులో పెట్టించు."

"పెట్టిస్తాలే, అదెంత పని! ఆరు వోల్టుల హారన్ ఒకటి చూసి పెట్టు. కొనే ముందు మాత్రం వెనక్కి తిప్పి చదువు."